గెడ్డ అవతల చెప్పాల్సిన మాట

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్లు. మంచం మీద జయశ్రీ. దాని పక్కన నేల మీద యర్రమ్మ అత్త. పొయ్యి దగ్గర చెవులు వినపడని ముసలవ్వ. గంప కింద గుడ్లు పొదుగుతున్న కోడి. గుమ్మం లోపల కాళ్లు ముడుచుకుని నేను. ఆ తర్వాత జీపు దిగి ముగ్గురు వచ్చారు: అనురాధ మేడమ్, లక్ష్మీప్రసాద్ డాక్టరు, సోములమ్మ సిస్టర్. అప్పన్న మామ లేడు. డొంకరాయి డ్యామ్ దగ్గర పనికి వెళ్లి మూడు నెలలైంది. అందరికంటే ముందు ఆ ఇంట్లో ఉండాల్సిన మనిషి ఆయనే. లేకపోవడానికి కారణం నేను.

జయశ్రీ ఆయన కూతురు. అంటే మా మేనమామ కూతురు. తొమ్మిదేళ్లు. కాలి ఎముకలో కేన్సర్. విశాఖలో ఏడు నెలలు మందులెక్కించాక, జబ్బు ఊపిరితిత్తులకు పాకిందని, ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమని పంపేశారు. అనురాధ మేడమ్ డాక్టర్లకు పాఠం చెప్పే డాక్టరు. నయం కాని జబ్బున్న పిల్లల్ని ఎలా చూసుకోవాలో పాడేరులో ఆరుగురు కుర్ర డాక్టర్లకు నేర్పిస్తున్నారు. నొప్పికి మందు ఎంత ఇవ్వాలి, పిల్లతో ఏం మాట్లాడాలి, తల్లికి చెడు మాట ఎలా చెప్పాలి, అదంతా. ఒక్కొక్కరికి ఒక్కో ఇల్లు ఇచ్చారు. లక్ష్మీప్రసాద్ డాక్టరుకి మా అత్త ఇల్లు వచ్చింది. మా ఇళ్లలో ఒరియా మాట్లాడతాం. అత్తకి సంతలో పనికొచ్చే నాలుగు తెలుగు ముక్కలు తప్ప రావు. పది పాసైన నేను మధ్యలో కూర్చుని వాళ్ల మాట అత్తకి, అత్త మాట వాళ్లకి చెప్పాను.

పంతొమ్మిది రోజుల కిందట ఆ డాక్టరు చెప్పింది ఇది: "జబ్బు నయం కాదమ్మా. ఇక కొన్ని వారాలే ఉండొచ్చు. పాపకి నొప్పి లేకుండా మేము చూసుకుంటాం. వాళ్ల నాన్నని పిలిపించండి."

నేను అత్తకి చెప్పింది ఇది: "కొన్ని వారాలు మందు వెయ్యాలంట. నొప్పి ఉండదంట."

"అయితే ఇటుకల పండక్కి నడుస్తాదా?" అని అత్త అడిగింది. చైత్రంలో మా కొండ ఊళ్లలో చేసుకునే పెద్ద పండగ అది.

నేను డాక్టరు వైపు తిరిగి, "అర్థమైందంటోంది సార్" అన్నాను.

ఆ సాయంత్రం డైరీలో రెండు మాటలూ పక్కపక్కన రాసుకున్నాను. రాసుకుంటే చాలనుకున్నాను. కానీ ఆ రోజు మాటలన్నీ, అత్తని అడిగే, క్లాసు కోసం ఫోన్లో రికార్డు చేసుకున్నారు. ఆ సంగతి మర్చిపోయాను. ఇప్పుడు జీపులోంచి మూడో మనిషిగా సోములమ్మ సిస్టర్ దిగడం చూశాక గుర్తొచ్చింది. ఆవిడ మా వాళ్లే. మా భాష ఆవిడకి తల్లి భాష.

ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పుతూ నన్ను చూసి, "ఈ దినం నీకు సెలవు గుంటా. మధ్యలో మాటలు నేను సెప్తాను" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

జయకి లక్ష్మీప్రసాద్ డాక్టరంటే ఇష్టం. ఆయనది అనకాపల్లి వైపు. మా చలికి ఆగలేక మధ్యాహ్నం కూడా మంకీ క్యాప్ తియ్యడు.

"టోపీ సారొచ్చారు" అంది జయ తెలుగులో. ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి దాకా చదివింది. "సార్, స్నానం కూడా టోపీతోనేనా?"

"స్నానం చేస్తే కదా, ఈ చలిలో" అన్నాడాయన. వచ్చి నేల మీద, దాని మొహానికి తన మొహం సమానంగా ఉండేలా కూర్చున్నాడు. అలా కూర్చోవాలని మేడమ్ నేర్పారట. "ఏవీ నీ గింజలు?"

ఐదు రాజ్మా గింజలు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయనే ఇచ్చాడు. నొప్పి కొంచెముంటే ఒక గింజ పెట్టాలి. ఓర్చుకోలేనంత ఉంటే ఐదూ పెట్టాలి. గింజల్ని బట్టి మార్ఫిన్ మందు ఎంత ఇవ్వాలో చూస్తారు. జయ దుప్పటి కిందనుంచి చెయ్యి తీసి రెండు గింజలు మంచం పట్టె మీద పెట్టింది.

అత్త మొహం వెలిగింది. సోములమ్మ సిస్టర్ చెయ్యి పట్టుకుని, "ముందు నాలుగు పెట్టేది అక్కా. ఇప్పుడు రెండే. దిగిపోతంది" అంది.

(అత్త మాటలు మా ఒరియాలోవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఈసారి ఏదీ మార్చలేదు.)

మేడమ్ గింజల్ని చూడలేదు. జయ నుదుటి మీది చెమటని చూశారు. దుప్పటి బయటికి వచ్చిన కాలి వేళ్లు బిగుసుకుని ఉండటం చూశారు. ఊపిరి ఎన్నిసార్లు తీసుకుంటోందో వాచీ చూసి లెక్కపెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "కనకా, మీరు కాఫీ పళ్లు ఎక్కడ ఆరబెడతారో చూపిస్తావా?" అన్నారు.

కాఫీ పళ్లు చూడటానికి కాదని నాకు తెలుసు.

పక్కనే ఉన్న మా ఇంటి వెనక పరిచిన పరదా మీద పళ్లు ఎర్రగా, కొన్ని నల్లబడి ఉన్నాయి. మా అమ్మ పొద్దున పోసి మళ్లీ తోటకి వెళ్లింది. మేడమ్ కిందికి వంగి ఒక పండు తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతూ మాట్లాడారు.

"ఆ రోజు రికార్డు మొన్న క్లాసులో వినిపించాను. లక్ష్మీప్రసాద్ ఎంత మెల్లగా, ఆగి ఆగి చెప్పాడో వినండి అన్నాను. చివర్లో, మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండమ్మా అని అడిగాడు. అలా అడగాలని నేనే నేర్పాను. బాగుందని అందరి ముందూ మెచ్చుకున్నాను. అప్పుడు వెనక వరసలోంచి సోములమ్మ లేచి నిలబడింది."

నేను కాఫీ పళ్లు చూస్తున్నాను. చీమలు ఒక పండుని లాక్కెళుతున్నాయి.

లక్ష్మీప్రసాద్ డాక్టరు కూడా వెనక్కి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అది లేకుండా చూస్తే మా బళ్లో పెద్ద క్లాసు పిల్లాడిలా ఉన్నాడు. "నేను చెప్పాక ఆవిడ నవ్వింది మేడమ్. నవ్వడం చూశాను. గుండె ధైర్యం ఉన్న మనిషి అనుకున్నాను."

"ఆ మాట విని తల్లి నవ్విందంటే, మాట చేరలేదని" అన్నారు మేడమ్. "చూశావు కానీ అడగలేదు. ఇకనుంచి అడుగు." తర్వాత నాతో, "నిన్ను తిట్టడానికి రాలేదమ్మా. ఎందుకు అలా చెప్పావో తెలుసుకుందామని" అన్నారు.

తల ఎత్తకుండానే చెప్పాను. "మా ఊళ్లో జబ్బు మనిషి ఉన్న ఇంట్లో ఆ మాట అనరు మేడమ్. గెడ్డ దాటి, అవతల ఒడ్డున అంటారు. నీళ్లు దాటి ఆ మాట ఇంటికి రాదని."

మేడమ్ చేతిలో పండు అలాగే ఉండిపోయింది. "అది మేము అడగాల్సింది. ఇలాంటి మాట మీ దగ్గర ఎక్కడ చెప్పుకుంటారని. అడగకుండా పాప మంచం పక్కనే కూర్చుని చెప్పేశాం. ఈ తప్పు మాది." లక్ష్మీప్రసాద్ డాక్టరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి అది రాసుకున్నాడు.

వాళ్లు తప్పు తమ మీద వేసుకుంటుంటే నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ నిజమంతా కాదు. గెడ్డ అత్త ఇంటికి నలభై అడుగుల దూరం. అక్కడికి వెళదాం సార్ అని ఒక్క మాట అంటే ఆయన లేచి వచ్చేవాడు. నేను అనలేదు. ఎందుకంటే అప్పటికే అత్త నా చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. నన్ను అలా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. బళ్లో నా పేరు పిలిస్తే లేచి నిలబడటానికే వణికేదాన్ని. ఆ మర్నాడు కుళాయి దగ్గర అత్త అందరితో, "మా కనక సదువుకుంది కాబట్టి మనకి తెలిసింది" అని చెప్పింది. అందరూ నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను. సిగ్గుపడుతున్నానని అందరూ అనుకున్నారు. నిజానికి నాకు బాగుంది. దీన్ని డైరీలో కూడా రాయలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

"ఈ రోజు గెడ్డ అవతలే చెబుదాం" అన్నారు మేడమ్. "నువ్వు మాతో వస్తావా? పక్కన కూర్చుంటే చాలు."

"పాప దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా మేడమ్" అన్నాను.

పెద్ద సాయం చేస్తున్నట్టు అన్నాను. మేడమ్ నా వైపు ఒక్క క్షణం చూసి, సరే అన్నారు.

అత్త చోడి జావ గిన్నెతో జయ పక్కన కూర్చుని ఉంది. సోములమ్మ సిస్టర్ భుజం మీద చెయ్యి వేసి, మామూలుగా, "యర్రమ్మా, ఓసారి గెడ్డ దాటొద్దాం రా" అంది.

ఆ ఒక్క మాటే.

అత్త ఇంకేమీ అడగలేదు. మా ఊళ్లో పుట్టిన ఏ ఆడమనిషికైనా ఆ మాటకి అర్థం తెలుసు. చేతిలో గిన్నె కింద పెడుతున్నాననుకుని కోడి గంప మీద పెట్టింది. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంది. గుమ్మం దాటబోతూ ఆగి నా వైపు చూసింది. నేను గంప మీద గిన్నె ఎక్కడ ఒలికిపోతుందోనన్నట్టు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

మంచం మీదనుంచి గుమ్మంలోకి చూస్తే గెడ్డ కనిపిస్తుంది. జయ, "నన్ను లేపు వదినా" అంది. దాని వీపు వెనక బొంత మడత పెట్టి కూర్చోబెట్టాను. ఎముకలు చేతికి తగిలాయి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా మెడ దగ్గర చిన్న గుంట పడుతోంది.

సోములమ్మ సిస్టర్ ముందు, అత్త వెనక, ఆ వెనక మేడమ్ నీళ్లలోకి దిగారు. లక్ష్మీప్రసాద్ డాక్టరు బూట్లు చేత్తో పట్టుకుని ఒక రాయి మీద కాలు వేసి తూలాడు.

"టోపీ సారు పడతాడు సూడు" అని జయ నవ్వింది. నవ్వుకి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, ఎప్పుడూ నాతో మా భాషే మాట్లాడే పిల్ల, తెలుగులో అంది. "ఇప్పుడు అమ్మకి చెప్తన్నారు కదా."

"ఏటి?" అన్నాను.

"నువ్వు మార్చేసిన మాట."

పొయ్యి దగ్గర అవ్వ పుల్లలు ఎగదోస్తోంది.

"ఆ దినం నేను పడుకోలేదు వదినా. ముసుగులో ఉన్నాను. సారు చెప్పిందీ విన్నాను, నువ్వు చెప్పిందీ విన్నాను."

"మరి నన్ను అడగలేదేటి?"

"అమ్మ నవ్వింది కదా" అంది, నాకు తెలియని విషయం చెబుతున్నట్టు.

అంటే పంతొమ్మిది రోజులు. నేను రోజూ వచ్చి దాని జడ వేశాను. కాలికి దెబ్బ తగలకుండా ఎలా నడవాలో చెప్పాను. ఇటుకల పండక్కి నువ్వూ నేనూ దారికడ్డం తాడు పట్టుకుని వచ్చేపోయే బళ్లు ఆపుదాం అన్నాను. అది అన్నిటికీ తలూపింది. ఆ ఇంట్లో నిజం తెలిసినవాళ్లం ఇద్దరం. ఒకరికి పదహారేళ్లు, ఇంకొకరికి తొమ్మిదేళ్లు. బరువంతా మోసింది చిన్నది.

జయ తలగడ కింద చెయ్యి పెట్టి వెతికింది. నా అరచేయి తెరిచి అందులో ఏదో పెట్టి మూసింది. తెరిచి చూశాను. మూడు రాజ్మా గింజలు.

"ఇవి దాచేస్తన్నాను. నాలుగు పెట్టినప్పుడు అమ్మ అన్నం తినలేదు. రెండు పెడితే తిన్నది. మరి నాకు తగ్గిపోతందని నువ్వే చెప్పావు కదా. తగ్గాలి కదా."

"నిజంగా ఎన్ని పెట్టాలి?" అన్నాను.

మంచం పట్టె మీద ఇందాక పెట్టిన రెండు గింజలు అలాగే ఉన్నాయి. గడ్డంతో వాటిని చూపించింది. "అవీ కలుపుకో."

రెండూ మూడూ ఐదు. నేను చెప్పిన మాట నిజమని అమ్మ నమ్ముతూ ఉండటానికి, ఇంత పిల్ల ఐదు గింజల నొప్పికి రెండు గింజల మందు తాగుతూ వచ్చింది.

"అమ్మకి చెప్పకు" అంది. "నాన్నొచ్చాక చెప్దాం. నాన్న ఉంటే అమ్మ ఏడవదు. ఒట్టు పెట్టు."

"ఒట్టు" అన్నాను. ఏది అడిగితే అది చెప్పేయడం నాకు అలవాటైపోయింది.

అవతలి ఒడ్డున అత్త ఒక రాయి మీద కూర్చుంది. లక్ష్మీప్రసాద్ డాక్టరు ఆవిడ ముందు తడి ఇసుకలో గొంతుక్కూర్చుని మాట్లాడుతున్నాడు. ఆగుతున్నాడు. సోములమ్మ సిస్టర్ చెబుతోంది. మళ్లీ ఆగుతున్నారు. అత్త ఈసారి నవ్వలేదు. అరవలేదు కూడా. ఒక చెయ్యి నీళ్లలో పెట్టి అలాగే ఉంచేసింది.

తిరిగి వచ్చేటప్పుడు అందరికంటే ముందు అత్త వచ్చింది. చీర అంచు తడిసి కాళ్లకి అంటుకుంది. గుమ్మం ఎక్కి, జయ తల నిమిరి, వెనక్కి తిరిగి, "బయటికి రా" అంది నాతో.

నేను వాకిట్లోకి దిగాను. ఆవిడ గుమ్మం మీద నిలబడింది. మిగతా ముగ్గురూ జీపు దగ్గర, డ్రైవరు పక్కన ఆగిపోయారు.

"మీ మామ వారం కిందట ఫోన్ సేసాడు" అంది అత్త. "గుంటని సూడాలని ఉంది, వచ్చేస్తాను అన్నాడు. నేనేటి సెప్పానో ఎరుగుదువా? పని వదిలి రాకు, గుంట పండక్కి నీకు ఎదురు నడిసొస్తాది అన్నాను. ఫోన్లో నవ్వాడు."



లక్ష్మీప్రసాద్ డాక్టరు దగ్గరికి వచ్చాడు. "అమ్మా, తప్పు నాది కూడా. నేను సరిగ్గా అడగలేదు." సోములమ్మ సిస్టర్ అది మా భాషలో చెప్పింది.

అత్త ఆయన వైపు చూసింది. "మీరు మీ మాట సెప్పారు బాబూ. మీకు నా భాష రాదు. నాకు మీది రాదు." అని నా వైపు చెయ్యి చూపించింది. "దీనికి రెండూ వచ్చు."

అప్పటికే డాక్టరు మామ నంబరుకి రెండుసార్లు ఫోన్ చేశాడు. అందుబాటులో లేదని వస్తోంది. డొంకరాయిలో వాళ్లు ఉండే రేకుల షెడ్డు దగ్గర సిగ్నల్ రాదు. మామ కొండెక్కి తనే చేస్తేనే మాట్లాడటం. మేడమ్ నెమ్మదిగా, "వారాలు అనుకున్నాం. ఊపిరి చూస్తే ఇప్పుడు రోజులే అనిపిస్తోంది. ఎవరైనా వెళ్లి ఆయన్ని తీసుకురావాలి" అన్నారు.

నా గుప్పిట్లో మూడు గింజలు చెమటకి తడిసిపోయాయి. గుమ్మం లోపల జయ నన్నే చూస్తోంది. ఒట్టు గుర్తుంది. దాని కాలి వేళ్లు కూడా కనిపిస్తున్నాయి.

"గింజలు రెండు కాదు మేడమ్" అన్నాను. "ఐదు. మూడు దాచేస్తోంది. చాలా రోజుల్నుంచీ." గుప్పిట విప్పి చూపించాను.

మేడమ్ వెంటనే సంచి తీసుకుని లోపలికి వెళ్లారు. డాక్టరు ఆవిడ వెనకే పరిగెత్తాడు. జయ గోడ వైపు తిరిగిపోయింది.

"ఏటి సెప్పింది?" అని అత్త సోములమ్మ సిస్టర్‌ని అడిగింది.

అప్పుడు అర్థమైంది నాకు. నేను తెలుగులో చెప్పాను. అత్తకి తెలియని భాషలో. కావాలని అనుకోలేదు, కానీ నోరు దానంతట అదే ఆ వైపు వెళ్లింది.

సిస్టర్ అత్తకి జవాబు ఇవ్వలేదు. నన్ను చూసి, "నువ్వే సెప్పు గుంటా. మీ అత్త భాషలో" అంది.

చెప్పాను. జయ ముసుగులో మేలుకుని ఉండటం, రెండు మాటలూ వినడం, అత్త అన్నం తినాలని గింజలు దాచడం. ఒక్క మాట కూడా తగ్గించలేదు. ఇంటి గుమ్మం ముందే చెప్పాను. గెడ్డ దాటలేదు.

లోపల లక్ష్మీప్రసాద్ డాక్టరు, "ఇది తాగు బంగారం, కొద్దిసేపట్లో తగ్గుతుంది" అంటున్నాడు. జయ మూలిగింది. ఇన్నాళ్లలో అది మూలగడం నేను విన్నది అదే మొదటిసారి. ఇప్పుడింక దాచక్కర్లేదు దానికి.

"జీపు పాడేరు ఎల్తాది" అంది అత్త. "అక్కడ్నుంచి సీలేరు మీదుగా బస్సుంది. నువ్వెల్లు."

"నేనా అత్తా?" అన్నాను. పాడేరు దాటి నేనెప్పుడూ ఒక్కదాన్ని వెళ్లలేదు. కొత్తవాళ్లని దారి అడగడానికి కూడా నాకు నోరు రాదు.

"నువ్వే. ఏ నోటితో నాకు సెప్పావో ఆ నోటితోనే మీ మామకి సెప్పు. గుంట నడుస్తాదని నవ్వతన్నాడు, ఆ మనిషి మొహం మీద సెప్పు. ఆయన్ని తీసుకుని వస్తేనే ఈ గుమ్మం తొక్కు."

మా ఊళ్లో పగటిపూట తలుపులు వేసుకోరు. ఆ తలుపు వెనక ఎప్పుడూ చేట, చీపురు ఆనించి ఉంటాయి. అత్త వాటిని కాలితో పక్కకి తోసింది. తలుపు సగం మూసేసరికి జయ వీపు కనిపించింది. తలుపు అంచున అత్త చెయ్యి. తర్వాత చెక్క ఒక్కటే.

లోపల గడియ పడింది. వెనక జీపు స్టార్టయింది.